ఫార్మ్‌-డి కోసం ప్రైవేటు యూనివర్సిటీ: చేర్చేముందు ఏం చూడాలి?

తెనాలి_నాన్న

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు, లాంగ్‌టర్మ్ వద్దంటోంది. ఈఏపీసెట్ బైపీసీ కౌన్సెలింగ్ ఇంకా మొదలవలేదు. ఈలోపు ఒక ప్రైవేటు యూనివర్సిటీ నుంచి రోజూ ఫోన్లు. ఆరేళ్ల ఫార్మ్‌-డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) అట, ఈ వారంలో అడ్వాన్సు కడితే ఫీజులో రాయితీ అట. పేరుకు ముందు డాక్టర్ అని పెట్టుకోవచ్చు, చదువు అవగానే అమెరికా వెళ్లొచ్చు అంటున్నారు.

క్యాంపస్ చూసి వచ్చాం. భవనాలు, ల్యాబులు, హాస్టల్ బాగానే ఉన్నాయి. మా బావమరిదేమో నాలుగేళ్ల బీఫార్మసీ చాలు, ఆరేళ్లు ఎందుకు తగలేయడం అంటున్నాడు. మా ఇంట్లో ఈ లైన్‌లో ఎవరూ లేరు. తెలిసినవాళ్లు చెప్పండి.

జీడిమెట్ల_క్యూసీ

నమస్తే అన్నా. నేను బీఫార్మసీ చేసి క్వాలిటీ కంట్రోల్‌ల పని చేస్తున్న. కంపెనీ లైన్‌కి పోవాలనుకుంటే మీ బావమరిది మాటే కరెక్ట్. ప్రొడక్షన్, క్వాలిటీ కంట్రోల్ (క్యూసీ), క్వాలిటీ అష్యూరెన్స్ (క్యూఏ), రెగ్యులేటరీ అఫైర్స్, వీటిల్ల ఫార్మ్‌-డి ఉన్నదా అని అడిగేటోళ్లు లేరు. బీఫార్మసీ, తర్వాత జీప్యాట్ అనే ఎంట్రన్స్ రాసి ఎంఫార్మసీ. నైపర్ అని కేంద్ర ప్రభుత్వ ఫార్మసీ సంస్థ బాలానగర్‌ల ఉండనే ఉంది, వాళ్ల ఎంట్రన్స్‌ల ర్యాంకు మంచిగ రావాలె. మందుల శాంపిళ్లు పరీక్షించే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద చేయి తిరిగినోడికి హైదరాబాద్ చుట్టుపక్కల, పరవాడ దిక్కు పనికి కొదవ లేదు.

కాకపోతే మా పని మొత్తం శాంపిళ్లతోనే. పేషెంట్ మొహం చూసేది ఉండదు. పాపకి ఏది ఇష్టమో మీరు రాయలేదు. ముందు అది తేల్చుకోండి.

వార్డు_రౌండ్స్ (విశాఖపట్నం)

తెనాలి నాన్నగారూ, నేను ఫార్మ్‌-డి చేసి ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టుగా, అంటే వార్డులో రోగుల మందులు సరిచూసే పని చేస్తున్నాను.

ఈ కోర్సు మన దేశంలో 2008లో మొదలైంది. ఐదేళ్లు చదువు, ఆరో ఏడు పూర్తిగా ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. అందులో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, ఆ తర్వాత మూడు వేరే విభాగాల్లో రెండేసి నెలలు. ఐదో ఏడులో కూడా క్లర్క్‌షిప్ పేరుతో వార్డుకి వెళ్లాలి, ఆరు నెలల ప్రాజెక్టూ చేయాలి. ఏ జబ్బుకి ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అనే ఫార్మకోథెరప్యూటిక్స్ రెండో ఏడు నుంచే ఉంటుంది. ఇంత ఆసుపత్రి చదువు ఉంది కాబట్టే, కోర్సు నడపాలంటే కనీసం 300 పడకల ఆసుపత్రి చేతిలో ఉండాలని ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (పీసీఐ) నిబంధన పెట్టింది. అది సొంతదైనా కావచ్చు, ఒప్పందం చేసుకున్నదైనా కావచ్చు.

మీరు క్యాంపస్ చూశానన్నారు. ఆసుపత్రి చూశారా? అది చూడకుండా ఒక్క రూపాయి కట్టకండి. ల్యాబులు బీఫార్మసీకి కావాలి, ఫార్మ్‌-డికీ మొదటి మూడేళ్లు కావాలి. కానీ మీ అమ్మాయి క్లినికల్ ఫార్మసిస్టు అయ్యేది వార్డులో. కిడ్నీ దెబ్బతిన్న రోగికి మెరోపెనెం అనే యాంటీబయాటిక్ డోసు తగ్గించాలని పుస్తకంలో అందరూ చదువుతారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చూసి, లెక్క కట్టి, రౌండ్స్‌లో ఉన్న డాక్టరుగారికి గొంతు వణకకుండా చెప్పడం మాత్రం నీళ్లలో దిగితేనే ఈత వచ్చినట్టు, అక్కడ నిలబడితేనే వస్తుంది.

ఆ 'డాక్టర్' మాట గురించి: పేరు ముందు పెట్టుకోవడానికి పీసీఐ ఒప్పుకున్న మాట నిజమే. దానితో మందులు రాసే హక్కు రాదు. ఫోన్ చేసేవాళ్లు ఈ రెండో ముక్క చెప్పరు.

కర్నూలు_సుధ

నేనూ ఫార్మ్‌-డినే. పేరు రాయను గానీ, మా కాలేజీ వాళ్లు ఒప్పందం చేసుకున్న ఆసుపత్రి బస్సులో గంటకు పైగా దూరం. పోతే సంతకం పెట్టించుకుని లైబ్రరీలో కూర్చోమనేవాళ్లు. వార్డులో ఎవరికీ మేమెవరో తెలియదు. సిస్టర్లు "మీరు ల్యాబ్ వాళ్లా" అని అడిగేది. కేస్ ప్రజెంటేషన్లు సీనియర్లవి చూసి రాసినవాళ్లే ఎక్కువ. ఆరేళ్లయినాక ఆసుపత్రుల్లో ఇంటర్వ్యూకి పోతే, కేసు ఇచ్చి మాట్లాడమన్నారు. మాలో చాలామందికి నోరు పెగల్లేదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్, అంటే రోగుల రికార్డులు చదివి జబ్బులకి కోడ్‌లు వేసే పని చేస్తా ఉన్నా. గౌరవమైన పనే, ఇల్లు గడుస్తా ఉంది. కానీ దీనికి ఆరేళ్ల చదువు, మా నాయన అమ్మిన పొలం అవసరం లేదు. వార్డు_రౌండ్స్ గారు చెప్పింది ప్రతి తల్లీతండ్రీ చదవాల.

నిర్వాహకుడు

ఒక విన్నపం. ఏ కాలేజీ మీదనైనా ఫిర్యాదు ఉంటే సుధ గారిలాగే పేరు లేకుండా రాయండి. 'మాకు ఫోన్ చేయండి, సీటు ఇప్పిస్తాం' అని వచ్చిన రెండు పోస్టులు తీసేశాను.

బోస్టన్_తెలుగు

అమెరికా సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ ఫార్మసిస్టుగా లైసెన్సు తెచ్చుకున్న దారి నాకు తెలుసు.

విదేశాల్లో చదివినవాళ్లు ముందు ఎఫ్‌పీజీఈఈ అనే పరీక్ష రాయాలి. 2003 జనవరి 1 తర్వాత పట్టా పుచ్చుకున్నవాళ్లకి కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలన్నది నిబంధన. అందువల్ల మన నాలుగేళ్ల బీఫార్మసీతో ఆ పరీక్షకే కూర్చోనివ్వరు. ఫార్మ్‌-డి వాళ్లకి ఆ అడ్డు లేదు. ఆ ఒక్క విషయంలో మీకు ఫోన్ చేసినవాళ్లు చెప్పింది నిజం. కానీ 'చదువు అవగానే' అన్నది నిజం కాదు. ఎఫ్‌పీజీఈఈ, టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష, సర్టిఫికెట్, రాష్ట్రం అడిగినన్ని గంటల ఇంటర్న్‌షిప్, నాప్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష, ఆ పైన రాష్ట్రాన్ని బట్టి న్యాయశాస్త్రం పరీక్ష. నా సమయంలో టోఫెల్ స్పీకింగ్‌లో 26 అడిగేవారు. చాలామంది తెలుగువాళ్లు ఆగిపోయింది అక్కడే. ఇంటర్న్‌షిప్ చేయాలంటే ముందు వీసా ఉండాలి, అది ఇంకో కథ. బీఫార్మసీ చేసి ఇక్కడ ఎంఎస్‌కి వచ్చేవాళ్లు కంపెనీల్లోకి వెళ్తారు. ఆ ఎంఎస్‌తో ఫార్మసిస్టు లైసెన్సు రాదు. ఇది తెలియక వచ్చినవాళ్లని చూశాను.

ఆసుపత్రి గురించి వార్డు_రౌండ్స్ గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తూనే ఒక మాట. సొంత ఆసుపత్రి లేనంత మాత్రాన కొట్టిపారేయకండి. మా ఊళ్లో ఎంసీపీహెచ్ఎస్ అని ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. 1823లో ఫార్మసీ కాలేజీగా మొదలైంది, ఈ దేశంలో ఫిలడెల్ఫియా కాలేజీ తర్వాత పాతది ఇదే. ఇప్పుడు నర్సింగ్, డెంటల్ హైజీన్, ఫిజికల్ థెరపీ, ఇంకా బోలెడు ఆరోగ్య కోర్సులున్నాయి. వాళ్లకి సొంత ఆసుపత్రి లేదు. కానీ లాంగ్‌వుడ్ అనే ఆసుపత్రుల ప్రాంతంలో బ్రిగమ్ అండ్ విమెన్స్, బెత్ ఇజ్రాయెల్, బోస్టన్ చిల్డ్రన్స్, డానా-ఫార్బర్ అన్నీ నడిచి వెళ్లే దూరంలో ఉంటాయి. ఇక్కడ ఏ ఫార్మ్‌-డి విద్యార్థి అయినా మొదటి సంవత్సరాల్లో కనీసం 300 గంటలు, చివరి ఏడాది కనీసం 1440 గంటలు ఫార్మసీల్లో, వార్డుల్లో గడపాలి. ప్రతి చోటా ప్రిసెప్టర్ అని ఒక ఫార్మసిస్టు ఉంటారు. విద్యార్థికి మార్కులు వేసేది ఆయనే. ఆసుపత్రి ఎవరిదైతేనేం, అక్కడ నేర్పే మనిషి ఉన్నారా అన్నదే అడగండి.

వార్డు_రౌండ్స్

బోస్టన్ గారూ, సూత్రం ఒప్పుకుంటాను. కానీ మన దగ్గర పరిస్థితి వేరు. అక్కడి ఆసుపత్రుల్లో ముందే ఫార్మసిస్టులు ఉంటారు, వాళ్లు నేర్పుతారు. ఇక్కడ ఒప్పందం చేసుకున్న చాలా ఆసుపత్రుల్లో ఫార్మసిస్టు అంటే కింద మందుల కౌంటర్‌లో ఉండే వ్యక్తే. వార్డులో నేర్పేవాళ్లని కాలేజీయే పంపాలి. పంపకపోతే పిల్లలు గాల్లో ఉంటారు. సొంత బోధనాసుపత్రి ఉన్న యూనివర్సిటీల్లో కనీసం వైద్య కళాశాల వాళ్లతో రోజూ సంబంధం ఉంటుంది. మణిపాల్‌కి కస్తూర్బా ఆసుపత్రి, మైసూరులో జేఎస్‌ఎస్‌కి వాళ్ల ఆసుపత్రి, మా విశాఖలో గీతంకి వాళ్ల వైద్య కళాశాల ఆసుపత్రి అలా ఉన్నాయి. వీటిలో చేర్చమని చెప్పడం లేదు, అవి కూడా వెళ్లి చూడాల్సిందే.

ప్రాక్టీస్_పంతులమ్మ (అనంతపురం)

ఫార్మసీ ప్రాక్టీస్ విభాగంలో, అంటే రోగికి మందు వాడకం నేర్పే విభాగంలో పాఠం చెబుతాను. ఈ చర్చ చూసి సంతోషం వేసింది, కాస్త పొడుగ్గానే రాస్తాను.

మన దేశంలో ఫార్మసీ డిగ్రీ చదువుకి బనారస్‌లో మహాదేవ లాల్ శ్రాఫ్ 1932లో పునాది వేశారు. మన విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లో మొదలైంది. ఇన్ని దశాబ్దాలూ మన చదువు మందు తయారీ చుట్టూనే తిరిగింది. అది తప్పేమీ కాదు, హైదరాబాద్ ఔషధ పరిశ్రమ నిలబడింది దాని మీదే. రోగి వైపు చూసే చదువు 1990ల్లో మైసూరు, ఊటీ జేఎస్‌ఎస్ కళాశాలల్లో పీజీ స్థాయిలో మొదలై, 2008లో ఫార్మ్‌-డిగా వచ్చింది. అంటే నేర్పేవాళ్ల తరమే ఇంకా పూర్తిగా తయారవలేదు. అందుకే కాలేజీకీ కాలేజీకీ ఇంత తేడా.

తెనాలి నాన్నగారూ, ఒక లెక్క చూడండి. ఒక్కో బ్యాచ్‌కి 30 సీట్లు. నాలుగు, ఐదు, ఆరో సంవత్సరాల వాళ్లు కలిస్తే 90 మంది. అదే ఆసుపత్రితో ఇంకో రెండు కాలేజీలు ఒప్పందం చేసుకుంటే 270. 300 పడకల ఆసుపత్రిలో ఎప్పుడూ అన్ని పడకలూ నిండి ఉండవు. అప్పుడు మీ అమ్మాయికి దొరికే కేసులెన్ని? కాబట్టి 'ఎన్ని పడకలు' అన్న తర్వాత వెంటనే 'ఇంకెన్ని కాలేజీల పిల్లలు వస్తారు' అని అడగండి. ఈ ప్రశ్న అడ్మిషన్ కౌంటర్‌లో అడిగితే జవాబు రాదు. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని అడగండి, నిజం చెబుతారు.

ఫార్మసీ ప్రాక్టీస్ విభాగంలో ఎంతమంది ఉన్నారు, వాళ్లు ఫార్మ్‌-డి గానీ ఫార్మసీ ప్రాక్టీస్‌లో ఎంఫార్మసీ గానీ చేసినవాళ్లేనా, వారంలో ఎన్ని రోజులు వార్డులో ఉంటారు, ఇవి ముఖ్యం. ఆసుపత్రిలో డ్రగ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ అని, మందుల మీద సందేహాలకి జవాబిచ్చే ఒక గది ఉంటుంది. తాళం వేసి ఉందా, తెరిచి ఉందా చూడండి. డాక్టర్లు, నర్సులు అడిగిన ప్రశ్నలు రాసే రిజిస్టర్ చూపించమనండి. చివరి ప్రశ్న ఏ తేదీది? మందుల వల్ల దుష్ప్రభావాలు వస్తే ఘజియాబాద్‌లోని ఫార్మకోవిజిలెన్స్ కేంద్రానికి పంపే ఫారాలుంటాయి. ఆ ఆసుపత్రి నుంచి వెళ్తున్నాయా? ఈ రెండు రిజిస్టర్లు చూస్తే ఆ కాలేజీ గురించి బ్రోషర్ మొత్తం చదివినా తెలియనిది తెలుస్తుంది.

ఇక అనుమతి. పీసీఐ వెబ్‌సైట్‌లో ఆమోదం పొందిన సంస్థల పట్టిక, కోర్సు వారీగా ఉంటుంది. యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం, ఆ కోర్సుకి పీసీఐ ఆమోదం ఉండటం రెండూ వేర్వేరు విషయాలు. 1948 ఫార్మసీ చట్టం 12వ సెక్షన్ కింద కోర్సుకి ఆమోదం లేకపోతే, ఆ పట్టాతో రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో ఫార్మసిస్టుగా నమోదు కాలేరు. కాలేజీలు, యూనివర్సిటీల నాణ్యతకి ఇచ్చే న్యాక్ గ్రేడు మొత్తం సంస్థకి ఇస్తారు. అది చూపించి ఫార్మ్‌-డి బాగుందని చెబితే నమ్మకండి.

జీడిమెట్ల_క్యూసీ

మేడమ్, దండం. ఇంత వివరంగ ఎవ్వరూ చెప్పరు. ఫీజు ముచ్చట నేను చెప్త. కౌన్సెలింగ్‌ల కన్వీనర్ కోటా సీటొస్తే ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజు ఉంటది. డీమ్డ్ యూనివర్సిటీలది వాళ్ల సొంత ఫీజు. రీయింబర్స్‌మెంట్ వస్తదా రాదా అన్నది నోటి మాట మీద ఇడువొద్దు, కాయితం మీద రాయించుకోండ్రి. ఆరేండ్ల ఫీజు ఒక్కసారి కూడిక జేయుండ్రి, ఏటా పెరుగుతదా అడగుండ్రి. ఇంటర్న్‌షిప్ ఏడాదికి కూడ ఫీజు గుంజుతరా, స్టైపెండ్ ఇస్తరా అన్నది కూడ. 'ఈ వారమే' అని తొందరపెట్టేటోళ్లకు 'కౌన్సెలింగ్ అయినంక వస్తం' అని చెప్పుండ్రి.

శ్రీకాకుళం_ఇంటర్న్

నేను ప్రస్తుతం ఆరో ఏడు, జనరల్ మెడిసిన్‌లో ఉన్నాను. మాది ప్రైవేటు యూనివర్సిటీయే, ఆసుపత్రి క్యాంపస్‌లోనే. సుధ అక్క రాసింది చదివి బాధనిపించింది, అన్ని చోట్లా అలాగే ఉండదని చెప్పాలనిపించింది.

మాకు ఉద్దానం వైపు నుంచి కిడ్నీ రోగులు వస్తారు. ఒకాయన కొబ్బరితోట పని చేసేవారు. క్రియాటినిన్ పెరిగి చేరారు. మందుల చరిత్ర రాసుకోవడం నా పని. 'ఏం మందులు వాడుతున్నారు తాతా' అంటే బీపీ బిళ్ల ఒక్కటే చెప్పారు. ఆయన కూతురితో కాసేపు కూర్చుంటే, మోకాళ్ల నొప్పులకి ఊళ్లో ఇచ్చే బిళ్లలు రోజూ వేసుకుంటున్నారని తెలిసింది. స్ట్రిప్పు తెప్పించి చూస్తే డైక్లోఫెనాక్. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు వేసుకోకూడనిది. మా ప్రిసెప్టర్ మేడమ్‌కి చెప్పాను, ఆవిడ నన్నే వెళ్లి డాక్టరుగారికి చెప్పమన్నారు. కేస్‌షీట్‌లో రాశారు, డిశ్చార్జ్ రోజు ఆ బిళ్లలు ఎందుకు మానాలో తాతకి అర్థమయ్యేలా చెప్పే బాధ్యత నాకే ఇచ్చారు.

ఇన్‌హేలర్‌లో పెట్టి పీల్చాల్సిన క్యాప్సూల్‌ని నీళ్లతో మింగేసేవాళ్లు మాకు తరచూ కనబడతారు. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్‌ని రోజూ వేసుకుని నోరంతా పుండ్లతో వచ్చినవాళ్లూ ఉన్నారు. చీటీ మీద ఇంగ్లీషులో రాసింది వాళ్లకి తెలుగులో చెప్పే మనిషి ఒకరు ఉంటే ఈ ప్రమాదాలు ఎన్నో తప్పుతాయి. నేను ఈ చదువుని ఇష్టపడేది ఇందుకే.

తెనాలి_నాన్న

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అడ్వాన్సు కట్టలేదు. మామూలు పనిరోజు పొద్దున్నే చెప్పకుండా ఆ యూనివర్సిటీ ఒప్పందం ఉన్న ఆసుపత్రికి అమ్మాయిని తీసుకుని వెళ్లాను.

మెడిసిన్ వార్డులో తెల్ల కోట్లు వేసుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు. ఏ కాలేజీ అని అడిగితే మూడు పేర్లు చెప్పారు, పంతులమ్మ గారి లెక్క గుర్తొచ్చింది. డ్రగ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ బోర్డు ఉంది, గదిలో పాత ఫైళ్లు పేర్చి ఉన్నాయి. నేర్పే మాస్టారు ఎప్పుడొస్తారంటే ఒక అబ్బాయి 'ఇన్‌స్పెక్షన్ ఉన్నప్పుడు' అన్నాడు. అక్కడితో ఆ సంగతి తేలిపోయింది.

అదే దారిలో ఇంకో కాలేజీ వాళ్లు వెళ్లే ఆసుపత్రి కూడా చూశాం. అది చిన్న పేరున్న కాలేజీ, భవనం మామూలుగా ఉంటుంది. కానీ వార్డులో ఒక మేడమ్ నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని మంచం మంచానికీ తిరుగుతున్నారు. మా అమ్మాయి దూరం నుంచి అరగంట అలా చూస్తూ నిలబడింది. రిజిస్టర్‌లో ముందురోజు తేదీతో ప్రశ్న ఉంది. కౌన్సెలింగ్‌లో ఆ కాలేజీని ముందు ఆప్షన్‌గా పెడదామనుకుంటున్నాం. అమ్మాయి ఏదో అడగాలట, కింద తనే రాస్తుంది.

తెనాలి_అమ్మాయి

నమస్తే. నాకు ఒకటే భయం. డాక్టర్లు ఫార్మ్‌-డి వాళ్ల మాట నిజంగా వింటారా? వినకపోతే ఆరేళ్లు చదివి ఏం లాభం? ఇంకోటి, మ్యాథ్స్ ఉంటుందా?

వార్డు_రౌండ్స్

అమ్మా, మంచి ప్రశ్న. మొదట్లో వినరు. అది నిజం. నీ వయసు, నీ కోటు చూసి 'తర్వాత చూద్దాం' అంటారు. ఆధారం చూపిస్తే మాత్రం వింటారు. 'ఈ మందు వద్దు సార్' అంటే ఎవరికైనా కోపం వస్తుంది. 'సార్, ఈయన వార్ఫరిన్ మీద ఉన్నారు, నిన్న మెట్రోనిడజోల్ మొదలైంది, ఐఎన్‌ఆర్ పెరగొచ్చు, రేపు ఒకసారి చూద్దామా' అంటే ఆగి వింటారు. (వార్ఫరిన్ రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు, మెట్రోనిడజోల్ యాంటీబయాటిక్, ఐఎన్‌ఆర్ రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష.) సమస్య, కారణం, నువ్వు సూచించే దారి, మూడూ ఒక్క శ్వాసలో చెప్పగలగాలి. నువ్వు చూసిన ఆ మేడమ్ దగ్గర పిల్లలు రోజూ నేర్చుకుంటున్నది అదే. ఒకసారి ఒక డాక్టరుకి నీ సలహా పనికొస్తే, తర్వాత ఆయనే ఫోన్ చేసి డోసు అడుగుతారు. నాణ్యతా గుర్తింపు తీసుకునే ఆసుపత్రులకి ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లో మందుల నిర్వహణ మీద ఒక అధ్యాయమే ఉంది. ఆ పని చూసుకోవడానికైనా క్లినికల్ ఫార్మసిస్టులని పెట్టుకుంటున్నారు. పోస్టులు ఇంకా చాలినన్ని లేవు, పెద్ద నగరాల్లోనే ఎక్కువ. ఇది దాచను.

ప్రాక్టీస్_పంతులమ్మ

బైపీసీ పిల్లలకి మొదటి ఏడాది రెమెడియల్ మ్యాథమేటిక్స్ ఉంటుంది, ఎంపీసీ వాళ్లకి దాని బదులు బయాలజీ. భయపడకు, ఇంటర్ స్థాయిదే. అసలు లెక్కలు నాలుగో ఏడులో బయోస్టాటిస్టిక్స్‌లో, మందు ఒంట్లో ఎలా కదులుతుందో చెప్పే ఫార్మకోకైనెటిక్స్‌లో వస్తాయి. మా క్లాసులో వాటిని బాగా చేసేవాళ్లలో సగం మంది బైపీసీ పిల్లలే.

సీటు వచ్చాక ఒక పని చెయ్యి. మొదటి ఏడాది నుంచి ప్రతి సంవత్సరం సిలబస్ కాపీ, వార్డులో చేసిన గంటల వివరం, సంతకాలతో సహా ఒక ఫైల్లో దాచుకో. అమెరికా అయినా కెనడా అయినా వెళ్లాలనుకుంటే నీ చదువు వివరాలు కాలేజీ నుంచే పంపమంటారు. అప్పటికి ప్రిన్సిపాల్ మారిపోయి ఉంటారు, కాయితాలు వెతికేవాళ్లు ఉండరు. ఇక్కడే ఉద్యోగం చేసినా, ఇంటర్వ్యూలో 'నువ్వు చూసిన కేసు చెప్పు' అన్నప్పుడు ఆ ఫైలే అక్కరకొస్తుంది.

కర్నూలు_సుధ

చెల్లీ, ఇంకొకటి. మొదటి మూడేళ్లూ వార్డు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తా కూర్చోవద్దు. సెలవుల్లో మీ ఊళ్లో మందుల షాపులో కొన్నాళ్లు నిలబడు. బ్రాండు పేర్లు, జనం అడిగే తీరు అక్కడ పట్టుబడతాయి. పంతులమ్మ గారూ, మా లాంటి వాళ్లు మళ్లీ ఆసుపత్రి వైపు రావాలంటే ఏదైనా దారి ఉందా? కోడింగ్‌లో ఉంటూనే మొదలుపెట్టేది?

ప్రాక్టీస్_పంతులమ్మ

ఉందమ్మా. నీ ఫార్మసిస్టు రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయి ఉందో లేదో ముందు చూసుకో. తర్వాత ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగాలకి ప్రయత్నించు. కోడింగ్ చేసినవాళ్లకి జబ్బుల పేర్లు, కేసు చదవడం అలవాటే కాబట్టి అది దగ్గరి మెట్టు. అక్కడ రోజూ దుష్ప్రభావాల కేసులు చదువుతావు, మందు మీద పట్టు తిరిగి వస్తుంది. అప్పుడు ఆసుపత్రి ఇంటర్వ్యూకి వెళ్లు. నాకు ఈ వేదికలోనే సందేశం పెట్టు, కేసు ఎలా ప్రజెంట్ చేయాలో ఆదివారాలు కూర్చుని చెబుతాను. ఇంకెవరైనా ఉంటే వాళ్లూ రావచ్చు.